రోడ్డు తవ్వకుండా పాత తాగునీటి లైను బాగుచేయడం: గొయ్యి దగ్గర్నుంచి క్లోరిన్ దాకా

పైన బజారు, మధ్యలో నాలా, పక్కన ఎవరిదో ప్రహరీ. కింద ఎన్నడో వేసిన పోత ఇనుప పైపు, మనం సీఐ లైను అనేది. కారుతోందని అందరికీ తెలుసు. ఎక్కడ కారుతోందో లైన్‌మాన్‌కు ఇంచుమించుగా తెలుసు. కానీ జేసీబీ దించడానికి జాగా లేదు, రోడ్డు కటింగ్‌కు అనుమతి రాదు. ట్రెంచ్‌లెస్ పద్ధతులు పనికొచ్చేది ఇలాంటి చోటే. రెండు చివర్లా రెండు గోతులు తవ్వి, మధ్యలో నేలను ముట్టుకోకుండా పని ముగించడం వీటి ఉద్దేశం. పాత పైపులోకి కొత్త పైపు ఎక్కించవచ్చు, లోపల కొత్త పూత వేయవచ్చు, లేదా పాతదాన్ని పగలగొట్టుకుంటూ కొత్తదాన్ని లాగవచ్చు.

చిన్న మున్సిపాలిటీల్లో ఇంజినీర్లకు, సైట్ సూపర్‌వైజర్లకు ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. లెక్కలు చూపడానికి ఒక ఊహా లైను తీసుకుందాం: రాతిని తొలిచిన ఇరుకు కాలువలో వేసి, బజారు కిందుగా వెళ్లి, నాలా దాటే 120 మీటర్ల, 300 మి.మీ. సీఐ ఫీడర్ లైను, అంటే వీధి లైన్లకు నీరు అందించే లైను.

పుస్తకాల్లో లేని మన ఇబ్బంది

ఈ పద్ధతుల్లో ముఖ్యమైనవి బ్రిటన్‌లో పుట్టాయి. రెజిన్‌లో తడిపిన గుడ్డ గొట్టాన్ని పైపులోకి ఎక్కించి అక్కడే గట్టిపరిచే పద్ధతిని ఎరిక్ వుడ్ అనే ఇంజినీరు 1971లో లండన్‌లోని ఒక పాత మురుగు కాలువలో మొదటిసారి చేసి చూపాడు. పాత పైపును పగలగొట్టుకుంటూ కొత్తది లాగే పైప్ బర్స్టింగ్ 1970ల చివర్లో అక్కడి గ్యాస్ లైన్ల కోసం తయారైంది. అక్కడి మాన్యువళ్లు పైపులో 24 గంటలూ ప్రెషర్‌తో నీళ్లుంటాయనే లెక్క మీద నడుస్తాయి. మన దగ్గర చాలా ఊళ్లలో రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో నీళ్లు వదిలి వాల్వు కట్టేస్తారు. కట్టేయగానే పల్లంలో ఉన్న ఇళ్ల నల్లాలు లైన్లో మిగిలిన నీటిని గుంజుకుంటాయి. కొందరు మోటార్లు బిగించి మరీ లాగుతారు. అప్పుడు పైపు లోపల వాక్యూమ్ ఏర్పడుతుంది. బయటేమో భూగర్భజలం, వానాకాలంలో నాలా నీరు పైపును నొక్కుతుంటాయి. చిల్లులున్న పైపులోకి మురుగు చేరేది కూడా ఈ ఖాళీ గంటల్లోనే.

అంటే మన లైనర్ (పాత పైపు లోపల వేసే కొత్త పైపు లేదా గొట్టం) లోపలి ప్రెషర్‌ను తట్టుకుంటే చాలదు, ఖాళీగా ఉన్నప్పుడు నలిగిపోకుండా కూడా నిలబడాలి. పద్ధతి ఎంచుకోవడం దగ్గర్నుంచి గ్రౌట్ (సందులు నింపే పలుచటి సిమెంట్) దాకా నేను చెప్పే చాలా సలహాల వెనుక ఉన్నది ఇదే.

మొదటి అడుగు: కనెక్షన్లు లెక్కపెట్టండి

పైపు సైజు, వయసు తర్వాత చూడొచ్చు. ముందు ఆ ముక్క మీద ఎన్ని ఇంటి కనెక్షన్లున్నాయో నడిచి లెక్కపెట్టండి. కొత్త పైపు లోపలికి వెళ్లాక ప్రతి ఫెర్రూల్‌నూ (మెయిన్ పైపు నుంచి ఇంటికి నీళ్లు తీసుకునే ముక్క) మళ్లీ బిగించాలి, ప్రతిదానికీ చిన్న గొయ్యి తవ్వాలి. నాలుగైదు మీటర్లకో కనెక్షన్ ఉన్న సందులో ట్రెంచ్‌లెస్ అంటే రోడ్డును ముక్కలుముక్కలుగా తవ్వి, పైగా యంత్రాల అద్దె కట్టడమే. అలాంటి చోట మామూలుగా తవ్వి కొత్త లైను వేయడమే చవక. కొన్ని రకాల లైనర్లలో లోపలి నుంచి రోబోతో కనెక్షన్లు తెరిచే వీలుంది కానీ, మన దగ్గర ఒకే చోట పక్కపక్కన గుచ్చిన ఫెర్రూళ్లకూ రికార్డుల్లో లేని కనెక్షన్లకూ అది లొంగుతుందని నేననుకోను.

ఈ పద్ధతులకు అసలైన చోటు కనెక్షన్లు లేని ఫీడర్లు, రిజర్వాయరు నుంచి వచ్చే మెయిన్లు, రైలు పట్టాలు, నాలాలు, ఫ్లైఓవర్లు దాటే ముక్కలు. మన ఊహా లైను మీద రెండే కనెక్షన్లున్నాయనుకుందాం. వాటిని ముందే పక్క వీధి లైను మీదికి మార్చేయండి.

రెండు: లోపలేముందో చూడండి

డ్రాయింగ్ ఉంటే మంచిదే. అది నిజమని మాత్రం నమ్మొద్దు. రిటైరైన లైన్‌మాన్‌ను పిలిచి వీధి వెంట నడిపిస్తే కాగితం చెప్పనివి చాలా బయటపడతాయి: ఎక్కడ బెండు తిరిగింది, ఎక్కడ పగిలితే క్లాంపు వేశారు, ఎక్కడ సీఐ బదులు ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంట్) పైపు ముక్క అతికించారు.

తర్వాత ఒక చోట గొయ్యి తీసి పైపు ముక్క కోయించండి. ఈ ముక్కే అసలు సాక్ష్యం. పోత ఇనుము తుప్పు పట్టే తీరు మోసపూరితంగా ఉంటుంది. ఇనుము కరిగి వెళ్లిపోయినా గ్రాఫైట్ ఆకారం అలాగే నిలబడి ఉంటుంది కాబట్టి బయటికి పైపు నిండుగా కనిపిస్తుంది. చిన్న సుత్తితో కొట్టి చూడండి. బాగున్న చోట గంటలా మోగుతుంది, చెడిన చోట మొద్దుగా పలుకుతుంది. ఆ మొద్దు చోట చాకుతో గీకితే పెన్సిల్ ముక్కులా నల్లగా, మెత్తగా రాలుతుంది. రాలినంత మేరా గీకేసి, మిగిలిన గట్టి ఇనుము మందం కొలిచి రాసుకోండి. గోడలో సగం కూడా మిగలకపోతే పూత పద్ధతుల మాట మరిచిపోండి.

ఆ తర్వాత సీసీటీవీ కెమెరా పంపాలి. కెమెరాలో చూడాల్సినవి మూడు: బెండ్లు, లోపలికి పొడుచుకొచ్చిన ఫెర్రూళ్లు, పక్కకు జరిగిన జాయింట్లు. ప్రతిదానికీ గొయ్యి నుంచి ఎన్ని మీటర్ల దూరమో నోట్ చేయించండి.

ఏసీ పైపు ముక్క దొరికితే జాగ్రత్త. అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు రంపపు బ్లేడు పెట్టి కోయనివ్వకండి. తడుపుతూ కోసి, ముక్కల్ని మందపు పాలిథిన్‌లో చుట్టి పంపాలి. పనివాళ్లకు మామూలు గుడ్డ మాస్కు చాలదు.

మూడు: పద్ధతి ఎంపిక

సిమెంట్ మోర్టార్ పూత. పైపు గోడ బలంగా ఉండి, లోపల తుప్పు గడ్డలు కట్టి నీళ్లు తగ్గిన చోట ఇది చవకైన మందు. సిమెంట్ క్షారగుణం ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది. కానీ చిల్లులున్న పైపుకు ఇది బలమివ్వదు.

రెజిన్ గొట్టం, అంటే పైపులోనే గట్టిపరిచే ఎరిక్ వుడ్ పద్ధతి, సీఐపీపీ. బెండ్లను కొంతమేర దాటగలదు, పైపుకు అంటుకుని ఉంటుంది కాబట్టి లోపలి వ్యాసం పెద్దగా తగ్గదు. తాగునీటికైతే ఎపాక్సీ రెజిన్ అడగండి. మురుగు లైన్లకు వాడే స్టైరీన్ ఉన్న పాలిస్టర్ రెజిన్ ఇక్కడ వద్దు. తాగునీటికి సరిపోతుందని చెప్పే ఎన్‌ఎస్‌ఎఫ్ 61 లాంటి సర్టిఫికెట్ చూడనిదే బిల్లు మీద సంతకం పెట్టకండి.

పైప్ బర్స్టింగ్. లోపలి నుంచి పాత పైపును పగలగొట్టి, ముక్కల్ని మట్టిలోకి నెట్టి, అంతే సైజు లేదా ఒక సైజు పెద్ద కొత్త పైపును లాగుతుంది. సీఐ పెళుసు కాబట్టి బాగా పగులుతుంది. డీఐ (డక్టైల్ ఇనుము), స్టీలు పగలవు, వాటికి కోసే చక్రాలున్న తల వేరే కావాలి. దారిలో స్టీలు క్లాంపు ఉంటే తల అక్కడే ఆగిపోవచ్చు. హైదరాబాద్‌లో ఇంకో చిక్కు ఉంది. చాలా చోట్ల పైపును రాతిని తొలిచిన ఇరుకు కాలువలో వేశారు. పగిలిన ముక్కలు పోవడానికి చోటుండదు కాబట్టి ఒత్తిడంతా పైకి తన్ని రోడ్డు ఉబ్బుతుంది. నల్లరేగడిలో ఆ బాధ లేదు కానీ అక్కడ తడిసిన గోతుల గోడలు కూలకుండా ఆపడం పెద్ద పని. పక్కన మూరెడు దూరంలో గ్యాస్ పైపో కేబులో ఉంటే ఏ నేలలోనైనా బర్స్టింగ్ వద్దు.

స్లిప్‌లైనింగ్. పాత పైపులోకి కాస్త చిన్న హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు లాగడం. వీటన్నిట్లో సులువైనది, మన దగ్గర పనివాళ్లు, యంత్రాలు దొరికేది ఇదే. వినగానే అందరూ అనే మాట, ‘పైపు చిన్నదైతే నీళ్లు తగ్గవా?’ లెక్క వేసి చూద్దాం. పైపు లోపలి నునుపును చెప్పే అంకె హేజెన్-విలియమ్స్ సి విలువ. గడ్డలు కట్టిన సీఐ పైపుకు అది 60 అనుకుందాం, కొత్త హెచ్‌డీపీఈకి 150. ఎస్‌డీఆర్ (పైపు వ్యాసం గోడ మందానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 17 రకం 250 మి.మీ. పైపు లోపలి వ్యాసం సుమారు 220 మి.మీ. అదే ప్రెషర్ నష్టానికి ప్రవాహం సి విలువకూ, వ్యాసం 2.63 ఘాతానికీ అనుపాతం. 220ని 300తో భాగించి ఆ ఘాతానికి పెంచితే 0.44, దాన్ని రెండున్నరతో (150ని 60తో భాగిస్తే వచ్చేది) గుణిస్తే 1.1. అంటే పైపు చిన్నదైనా నీళ్లు పదో వంతు ఎక్కువే వస్తాయి. అయితే పాత పైపు సి విలువ 100 దగ్గర ఉంటే ఇదే లెక్క తిరగబడి, మూడో వంతు ప్రవాహం పోతుంది. అందుకే ముందు రెండు చోట్ల ప్రెషర్, ప్రవాహం కొలిచి సి విలువ తేల్చుకోవాలి.

రాతి కాలువ, నాలా, రెండే కనెక్షన్లు కాబట్టి మన ఊహా లైనుకు స్లిప్‌లైనింగే తీసుకుంటాను. పైపు పీఈ 100 (హెచ్‌డీపీఈలో ఒక గ్రేడు), ఎస్‌డీఆర్ 17. ధర తక్కువని ఎస్‌డీఆర్ 26 అంటగట్టబోతారు. గోడ మందం కొంచెమే తేడా కదా అనిపిస్తుంది కానీ, నలిగిపోకుండా నిలబడే శక్తి దాదాపు నాలుగింతలు తేడా. మాటిమాటికీ ఖాళీ అయ్యే లైనుకు 26 వద్దు. ప్రెషర్ రేటింగ్ కూడా వేడిని బట్టి మారుతుంది. 10 బార్ అని రాసి ఉంటే అది 20 డిగ్రీల దగ్గరి మాట. నీరు 30 డిగ్రీలుంటే 8.7, 40 అయితే 7.4గా లెక్క కట్టాలి.

పైపు మీద అచ్చు చదవండి. ఐఎస్ 4984 ఉండాలి. ఐఎస్ 14333 అని ఉంటే అది మురుగునీటి పైపు, వెనక్కి పంపేయండి.

నాలుగు: బస్తీకి నీళ్లు, మీకు గోతులు

లైను కట్టేసే రోజుల్లో ఎవరికి నీళ్లు ఆగుతాయో ముందే తేల్చండి. ట్యాంకర్లతో సరిపెడతారా, రోడ్డు పక్కన తాత్కాలికంగా బైపాస్ లైను వేస్తారా అన్నది ఈ దశలోనే నిర్ణయం కావాలి. బైపాస్ పైపునూ క్లోరిన్‌తో కడగాలి, ఇది చాలామంది వదిలేస్తారు.

ఎక్కించే గొయ్యి పొడవు ఊహించి చెప్పొద్దు. హెచ్‌డీపీఈని దాని వ్యాసానికి 25 రెట్ల వ్యాసార్థం కంటే గట్టిగా వంచకూడదు. 250 మి.మీ. పైపుకు అది 6.25 మీటర్లు. పైపు లోతు ఒకటిన్నర మీటర్లయితే, పైపు నేల మీంచి దిగి సమంగా తిరగడానికి దాదాపు 6 మీటర్ల ఏటవాలు కావాలి. బజారులో ఆరు మీటర్లంటే రెండు దుకాణాల ముందు జాగా. వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. లాగే వైపు గొయ్యి చిన్నదైనా చాలు. బెండు ఉన్న ప్రతిచోటా గొయ్యి తప్పదు కాబట్టి, బెండ్ల దగ్గరే గోతులు పడేలా ప్లాన్ చేసుకుంటే ఖర్చు కలిసొస్తుంది.

మనిషి దిగే గొయ్యికి పలకల ఆసరా పెట్టాలి. వాల్వ్ చాంబర్‌లోకి దిగే ముందు గ్యాస్ మీటర్ దించి చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువ చూపితే ఎవరూ దిగకూడదు. ‘పది నిమిషాల పనే సార్’ అనేవాళ్ల మాట వినొద్దు. పైన ఒక మనిషి లేకుండా కింద ఎవరూ ఉండకూడదు.

అయిదు: శుభ్రం చేసి, నమూనా ముక్క లాగడం

వించ్ తాడుకు స్టీలు గీకుడు పళ్లెం కట్టి అటూ ఇటూ లాగితే తుప్పు గడ్డలు రాలతాయి. తర్వాత హై ప్రెషర్ జెట్టింగ్‌తో కడిగి, మళ్లీ కెమెరా పంపండి. పొడుచుకొచ్చిన ఫెర్రూళ్లు ఇంకా ఉంటే ఇప్పుడే కోసేయాలి.

ఆ తర్వాత, అసలు పైపు కంటే ముందు, అదే సైజు హెచ్‌డీపీఈ పైపు రెండు మూడు మీటర్ల ముక్కను ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగించండి. బయటికొచ్చిన ముక్కను కడిగి, అరచేత్తో చుట్టూ తడిమి చూడండి. గీతలు గోడ మందంలో పదో వంతు లోతు దాటకూడదు. మన పైపు గోడ 14.8 మి.మీ. కాబట్టి ఒకటిన్నర మి.మీ. హద్దు. గీత అంతకంటే లోతుగా ఉందంటే లోపల పదునైన అంచు ఏదో మిగిలింది. కెమెరాతో వెతికి తీసేశాకే ముందుకు వెళ్లాలి. ఈ ఒక్క పూట పని మానేసి 120 మీటర్ల పైపును పాడుచేసుకునేవాళ్లున్నారు.

ఆరు: వెల్డింగ్

పైపు ముక్కల్ని రోడ్డు మీద బట్ వెల్డింగ్‌తో కలుపుతారు. రెండు చివర్లనూ సమంగా చెక్కి, 200 నుంచి 235 డిగ్రీల మధ్య వేడి పళ్లేనికి ఆనించి, కరిగాక ఒకదానికొకటి నొక్కి ఉంచాలి. యంత్రం, వేడి, ప్రెషర్ అన్నీ సరిగా ఉన్నా చెక్కిన అంచు మీద ఒక్క చేతి ముద్ర, రోడ్డు దుమ్ము పడితే జాయింటు చెడుతుంది. మీద టార్పాలిన్ పందిరి వేయించండి, పైపు రెండో చివర మూసి ఉంచండి, లేకపోతే లోపలి నుంచి గాలి వీచి పళ్లేన్ని చల్లారుస్తుంది. ఈ మందానికి బిగింపులో పావుగంటకు పైనే చల్లారనివ్వాలి. నీళ్లు చల్లి తొందరపెడితే సహించకండి.

జాయింటు చుట్టూ ఉబ్బిన బయటి అంచును, అంటే బీడ్‌ను, పనిముట్టుతో ఉంగరంలా ఊడదీయించండి. ఆ ఉంగరాన్ని చేత్తో వెనక్కి మెలిపెట్టి చూడండి. వెల్డు బాగుంటే ఒకే ముక్కలా వంగుతుంది. దుమ్ము పడి ఉంటే మధ్యలో సన్నని చీలిక నోరు తెరుస్తుంది. అలా తెరిచిన జాయింటును కోసి మళ్లీ చేయించాలి. ప్రతి ఉంగరం మీదా జాయింటు నంబరు రాసి దాచండి.

ఏడు: లాగడం

మీటరుకు దాదాపు 11 కిలోల చొప్పున 120 మీటర్ల పైపు బరువు 1.3 టన్నులు. రాపిడికి సగం వేసుకున్నా వించ్ మీద 0.7 టన్ను చుట్టూ పడాలి. ఈ పైపు 20 డిగ్రీల్లో సుమారు 11 టన్నుల దాకా లాగుడు తట్టుకుంటుంది, ఎండలో వేడెక్కితే అంతకంటే బాగా తక్కువ. కానీ మీరు చూడాల్సిన అంకె ఆ 11 కాదు. వించ్ మీద లాగుడు కొలిచే ముల్లు రెండు టన్నులు దాటిందంటే లోపల ఏదో పట్టుకుంది. ఆపండి, వెనక్కి లాగి చూడండి. ఇంకాస్త గుంజితే వస్తుందిలే అని వించ్ వాడు అంటాడు, వస్తుంది కూడా, గోడ చీరుకుని.

మొదలుపెట్టాక ఆపకుండా ఒకే వేగంతో లాగాలి. గొయ్యి అంచుల దగ్గర, పాత పైపు మూతి దగ్గర రోలర్లో పాత టైరు ముక్కలో పెడితే గీతలు పడవు.

ఎనిమిది: ఒక రోజు ఆగండి

తొందరలో ఎక్కువగా చెడేది ఇక్కడే. ఎండలో 55 డిగ్రీలకు వేడెక్కిన పైపు భూమిలోకి వెళ్లి 30 డిగ్రీలకు చల్లారుతుంది. మీటరుకు, డిగ్రీకి 0.18 మి.మీ. చొప్పున 120 మీటర్ల మీద అది అర మీటరుకు పైగా కుంచించుకుంటుంది. లాగినప్పుడు సాగినదీ వెనక్కి వస్తుంది. కాబట్టి రెండు చివర్లా మీటరుకు పైగా అదనంగా వదిలి, కనీసం 24 గంటలు అలాగే ఉంచి, అప్పుడు కోసి వాల్వులకు కలపండి. వీలైతే తెల్లవారుజామునే లాగండి.

ఆ తర్వాత కూడా హెచ్‌డీపీఈ ఊరుకోదు. నీటి ప్రెషర్ పెరిగిన ప్రతిసారీ వ్యాసం కొంచెం పెరిగి పొడవు తగ్గుతుంది. రోజు విడిచి రోజు ఇదే జరిగే మన లైన్లలో మామూలు కప్లింగ్‌లోంచి చివర మెల్లగా జారి బయటికి వస్తుంది. చివర్ల దగ్గర ఫ్లాంజ్ అడాప్టర్ (బోల్టులతో బిగించే వీలున్న ముక్క) వెల్డ్ చేసి, కాంక్రీటు దిమ్మెతో కదలకుండా బిగించాలి.

తొమ్మిది: మధ్య సందు నింపడం

పాత పైపుకూ కొత్త పైపుకూ మధ్య సందు 120 మీటర్ల మీద 2.6 ఘనపు మీటర్లు. దాన్ని పలుచటి సిమెంట్ గ్రౌట్‌తో నింపితే లైనర్‌కు చుట్టూ ఆసరా దొరుకుతుంది. నాలా కింద ఈ పని వదలొద్దు. గ్రౌట్ ఎక్కించేటప్పుడు లైనర్‌ను నీళ్లతో నింపి ప్రెషర్‌లో ఉంచాలి, లేకపోతే గ్రౌట్ ప్రెషరే దాన్ని నలిపేస్తుంది. పల్లపు చివర నుంచి ఎక్కించి, ఎత్తు చివర గాలి పోయే గొట్టంలోంచి గ్రౌట్ కనిపించే దాకా ఆగండి. మూడు ఘనపు మీటర్లు దాటినా కనిపించకపోతే పంపు ఆపించండి. అది పాత పైపు చిల్లులోంచి పక్క డ్రైనేజీలోకి పోతోందేమో మాన్‌హోల్ మూతలు తెరిచి చూడాలి.

పది: టెస్టింగ్, క్లోరిన్, నీళ్లు వదలడం

ప్రెషర్ టెస్టు గ్రౌట్ కంటే ముందొకసారి, వాల్వులు కలిపాక మరోసారి. నీటితోనే చేయాలి, గాలితో చేస్తే జాయింటు విడిన క్షణంలో అది బాంబు. హెచ్‌డీపీఈ ప్రెషర్‌కు సాగుతుంది కాబట్టి లీకు లేకపోయినా మీటర్ ముల్లు కాస్త దిగుతుంది. సీఐ లైనుకు వాడే కొలత పెట్టి ఫెయిల్ అనకండి. యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 805లో ఈ రకం పైపులకు చెప్పిన టెస్టు వాడండి.

క్లోరిన్ లెక్క సులువు. లైనర్‌లో పట్టే నీరు 4.6 ఘనపు మీటర్లు. లీటరుకు 25 మిల్లీగ్రాముల చొప్పున 115 గ్రాముల క్లోరిన్ కావాలి. 30 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ అయితే 380 గ్రాములు. స్టోరులో మూత తీసి నెలలుగా పడున్న బస్తాలో ఆ బలం ఉండదు, పరీక్షించి వాడండి. పౌడర్‌ను నీటిలో కలిపి తేర్చి, పైన తేట మాత్రమే ఎక్కించాలి. 24 గంటల తర్వాత లీటరుకు 10 మిల్లీగ్రాములకు తగ్గకుండా మిగలాలి. తగ్గితే లోపల ఇంకా మురికి ఉంది, కడిగి మళ్లీ చేయాలి. ఆ నీటిని నేరుగా నాలాలోకో చెరువులోకో వదలకండి, సోడియం థయోసల్ఫేట్‌తో క్లోరిన్ విరిచాక వదలండి. చివరగా శాంపిల్ ల్యాబ్‌కు పంపి, తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఈ.కోలై లేదని కాగితం వచ్చాకే వాల్వు తెరవాలి. గాలి పోయేలా నెమ్మదిగా తెరవండి.

ఎత్తు చోట్ల ఎయిర్ వాల్వులు పనిచేస్తున్నాయో లేదో అదే రోజు చూడండి. లైను ఖాళీ అయ్యేటప్పుడు గాలి లోపలికి రాకపోతే వాక్యూమ్ భారమంతా లైనర్ మీదే పడుతుంది. తుప్పు పట్టి బిగుసుకున్న ఎయిర్ వాల్వు మార్చడానికి అయ్యే ఖర్చు ఈ పని మొత్తంలో లెక్కలోకి రానంత చిన్నది, అయినా ఎస్టిమేట్లలో అది కనిపించడం అరుదు. వేరే పద్దుగా రాయించండి.

డ్రాయింగ్‌లో గోతులు, జాయింట్లు, పక్క వీధికి మార్చిన రెండు కనెక్షన్లు జీపీఎస్ పాయింట్లతో గుర్తించి, లోపలున్నది 300 సీఐలో 250 హెచ్‌డీపీఈ అని స్పష్టంగా రాసి, ఒక కాపీ సెక్షన్ ఆఫీసులో, ఒకటి లైన్‌మాన్ దగ్గర ఉంచండి. లేదంటే రేపెవరో కనెక్షన్ కోసం వచ్చి సీఐ పైపే అనుకుని డ్రిల్లు పెడతారు.